తీరిక లేని నక్క కోళ్ల పెంపకం

ఎర్రమెట్ట కింద జీడితోటలో సన్యాసిరావు అని ఒక నక్క ఉండేవాడు. దొరికింది తిని దొరికినచోట పడుకునే రకం కాదు, ఉద్యోగస్తుడు. కొండ మీది చిరుతదొర దగ్గర కొలువు. పొద్దుగూకే వేళకు దొరగారు ఒళ్లు విరుచుకుంటూ గుహలోంచి బయటికొచ్చేసరికి ఎదురుగా నిలబడాలి. ఏ వాగు పక్కకి దుప్పి నీళ్లకొచ్చిందో, ఏ ఊరి మేక మంద తప్పిందో మనవి చేయాలి. ఆ పైన తెల్లారేదాకా దొరగారి వెనకే నడవాలి. దొరగారు తిని లేచాక మిగిలిన బొమికలే జీతం.

ఈ కొలువు దొరికిన దగ్గర్నుంచీ సన్యాసిరావుకి ఎవరు పలకరించినా తీరిక లేదనడం అలవాటైంది. మేనల్లుడి పెళ్లికి పిలిస్తే తీరిక లేదు. అత్తగారికి ఒంట్లో బాగాలేదంటే అసలే లేదు. ఎండలో కాళ్లు చాపుకుని పడుకున్నప్పుడు అడిగినా అదే జవాబు. తీరిగ్గా కనపడేవాణ్ణి లోకం లెక్కచేయదని అతని నమ్మకం. లోకం సంగతేమో గానీ, తోటలో ఎలుకలు కూడా అతన్ని లెక్కచేసేవి కావు. తరిమే ఓపిక అతనికి మిగలదని వాటికి తెలుసు.

ఒకరోజు తెల్లవారుజామున సంతకెళ్తున్న ఆటో ఒకటి కొండ మలుపులో గోతిలో పడి లేచింది. వెనక కట్టిన కోళ్లగంప జారి తుప్పల్లో పడింది. ఆటో ఆగలేదు. అదృష్టం కలిసొచ్చినవాణ్ణి నక్కను తొక్కి వచ్చావంటారు గదా, ఆ పూట ఈ నక్క ఎవర్ని తొక్కి వచ్చాడో మరి, డ్యూటీ దిగి ఇంటికొస్తూ సరిగ్గా ఆ గంప ముందు ఆగాడు.

గంపలో నలుగురైదుగురు పడుచు పెట్టలు, అప్పన్న అనే పుంజు, వాళ్లందరికీ పెద్ద పోలమ్మ. అందరి కాళ్లకీ తాళ్లు. పడుచు పెట్టలు నక్క ముఖం చూడగానే కళ్లు మూసుకున్నాయి. అప్పన్న ఎన్నడూ లేనిది నోరు మూసుకున్నాడు. పోలమ్మ మాత్రం మెడ పక్కకు వాల్చి ఒక కంటితో నక్కని తీరిగ్గా చూసింది. ఆమె చాలా ఇళ్ల పెరళ్లు చూసిన కోడి. ప్రతి ఇంట్లోనూ పొదిగింది, ప్రతి ఇంట్లోనూ పిల్లలు రెక్కలు ముదరకముందే సంతకు పోయాయి. ఒక్కసారైనా తన పిల్లల్ని పెద్దయ్యేదాకా చూసుకోవాలన్నది ఆమె జీవితంలో ఉన్న ఒకే ఒక్క కోరిక. నక్క నోటి ముందు పడ్డా ఆ కోరిక చావలేదు.

"తింటావా బాబూ?" అంది.

"తినక పూజ చేస్తానా?" అన్నాడు సన్యాసిరావు.

"తిను, కాదన్నదెవరు? మరి రేపటికేటి?"

"రేపటికి మిగిలినవాళ్లున్నారు."

"ఆ తరవాత?"

సన్యాసిరావు పళ్లు నాక్కున్నాడు. ఆ తరవాత ఏముంది, బొమికలే. అవి కొరికి కొరికి ఇప్పటికే దవడ పళ్లు సగం అరిగాయి.

"ఊళ్లో ఎవరూ కోళ్లని ఒక్కసారే తినేసి చేతులు కడిగేసుకోరు బాబూ," అంది పోలమ్మ. "పెరట్లో వదిలి పెంచుతారు. రోజూ గుడ్డు, పండగో పబ్బమో అయితే కూర. నీలాగ పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసుకునేవాళ్లంతా ఇప్పుడు అలగే చేస్తున్నారు. పొద్దున్న గూటి తలుపు తీయడం, సాయంత్రం వేయడం. మరింకేటీ పనుండదు."

కోళ్లకి పనేముందండీ అనే మాట ఎప్పుడూ కోళ్లని పెంచనివాళ్లే అంటారు. పెంచినవాళ్లలో ఆ మాట అన్నది పోలమ్మ ఒక్కతే. ఆమెకి అవసరం అలాంటిది. సన్యాసిరావుకి మాత్రం 'పెద్ద పెద్ద ఉద్యోగాలు' అన్నచోటే మనసు మెత్తబడింది. ఉదయం ఒక చూపు, సాయంత్రం ఒక చూపు, మధ్యలో తన నిద్ర తనదే అనుకున్నాడు. పొట్ట కూడా ఆ పూటకి నిండే ఉంది. తాళ్లు కొరికి అందర్నీ తన బొరియ దగ్గరికి తోలుకుపోయాడు. పక్కనే ఏదుపంది వదిలేసి పోయిన గుంట ఉంటే దాన్ని గూడు చేశాడు. దానికి తలుపు ఒక బల్లపరుపు రాయి. నక్క భుజం పెట్టి నెడితేగానీ కదలదు.

ఆ రాత్రి గూట్లో అప్పన్న, పారిపోదామే అత్తా అన్నాడు. ఊరు ఎటుందో తెలీదు, దారి పొడుగునా బావురుపిల్లులూ ముంగిసలూ ఉన్నాయి, ఇక్కడైతే ఒక్క నోటిని కనిపెట్టుకుంటే చాలు అని పోలమ్మ అతన్ని కూర్చోబెట్టింది.

మర్నాడు తెల్లవారుతుండగా సన్యాసిరావు డ్యూటీ నుంచి వచ్చి, తోక ముక్కు మీద కప్పుకుని అలా కన్ను మూశాడో లేదో, గూట్లో అప్పన్న గొంతెత్తాడు. తన కూత లేకపోతే లోకానికి తెల్లవారదని నమ్మే జాతి అది. ఒకసారి కూసి ఊరుకోదు. సన్యాసిరావు తిట్టుకుంటూ లేచి రాయి దొర్లించాడు. మళ్లీ పడుకోబోతే పోలమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. చెదలు కావాలంది. తిండి లేని పెట్ట గుడ్డు పెట్టదు, పెట్టినా తోలుగుడ్డు పెడుతుంది, అది నీ నోటికి బాగోదని నెమ్మదిగా నచ్చజెప్పింది.

సన్యాసిరావు పుట్టలు తవ్వి చెదలు తీశాడు. ఎండెక్కాక నీళ్లన్నారు. పగిలిన కుండపెంకు పళ్లతో పట్టుకుని వాగు నుంచి నీళ్లు మోశాడు. దారిలో సగం ఒలికాయి, రెండోసారి వెళ్లాడు. మధ్యాహ్నం ఒళ్లంతా పేలు కరుస్తున్నాయని పడుచు పెట్టలు గోల పెట్టాయి. జీడిగింజలు కాల్చిన చోటు నుంచి బూడిద ఈడ్చుకొచ్చి పొర్లడానికి గొయ్యి చేశాడు. ఇవన్నీ అయ్యేసరికి ఒక గుడ్డు దక్కింది. గుటుక్కున మింగి, కమ్మగా ఉందనుకుని, ఇక పడుకుందామని చూస్తే పొద్దు వాలుతోంది.

అసలు చిక్కు అక్కడ వచ్చింది. దొరగారు గుహలోంచి లేచేది పొద్దుగూకే వేళకి. కోళ్లు గూట్లోకి వెళ్లేదీ పొద్దుగూకే వేళకే. సన్యాసిరావు కాస్త ముందుగా తోలేద్దామని తోకతో అదిలించాడు. ఒకటి తుప్పలోకి దూరింది, ఒకటి జీడికొమ్మెక్కింది, అప్పన్న ఏకంగా బొరియ మీదెక్కి కూశాడు. అందర్నీ పట్టి తెచ్చేసరికి గస పుట్టింది.

"వెలుగుండగా గూట్లోకెళ్లాలంటే మాకు కాళ్లు రావు బాబూ," అంది పోలమ్మ. "మా అమ్మమ్మల నాటి నుంచీ అంతే. నువ్వే దొరగారికి చెప్పి కాస్త వెనకాముందూ చూసుకోరాదా?"

దొరగారికి చెప్పడం. చిరుతకి, మా ఇంట్లో కోళ్లు గూడెక్కాక వస్తానండీ అని చెప్పే నక్క ఇంకా పుట్టలేదు. సన్యాసిరావు చీకటి పడ్డాక రాయి దొర్లించి, కొండ మీదికి ఒకే పరుగున వెళ్లి, నాలుక వేలాడేసుకుని నిలబడ్డాడు. దొరగారు తోక కొస ఒకసారి అటూ ఇటూ ఆడించారు. ఆయన దగ్గర పనిచేసిన వాళ్లకి అది చాలు.

అలా కొన్నాళ్లు గడిచింది. మధ్యలో సన్యాసిరావుకి ఆకలి పుట్టి కూర మీదికి మనసు పోయినప్పుడల్లా పోలమ్మ దగ్గర ఒక మాట సిద్ధంగా ఉండేది. ఆ పెట్ట ఈకలు రాలుస్తోంది, ఇప్పుడు తింటే నోరు దురద పెడుతుంది. ఈ పెట్ట రేపు పెట్టేది జంట గుడ్డు. అప్పన్నని తిన్నావా, పొదిగినా పిల్లలు కావు. సన్యాసిరావుకి అవునేమో అనిపించేది. కాదని తేల్చుకోవాలంటే కూర్చుని ఆలోచించాలి, అంత వ్యవధి అతనికి ఎక్కడిది?

తరవాత పోలమ్మ పొదుగుకొచ్చింది. ఇక గుడ్లు ముట్టుకోవద్దంది. ఒక్కో గుడ్డూ ఒక్కో కోడి అవుతుందని చెప్పేసరికి సన్యాసిరావు ఆలూ లేకుండానే కొడుకుకి సోమలింగమని పేరు పెట్టేశాడు. రేపు పుట్టబోయే కోళ్లు, అవి పొదిగే కోళ్లు, కొండంతా కోళ్లు, తనే ఒక దొర. ఆ ఊహలో పడి, ఉన్న ఒక్క గుడ్డూ తినడం మానేశాడు. పొదుగు మీదున్న కోడి లేవకూడదు గనక చెదలు ముక్కు దగ్గరికే తెచ్చిపెట్టాడు. పాము వస్తుందేమోనని పగలంతా గూటి ముందే కూర్చున్నాడు. నిద్ర అన్నది నడుస్తూ పోయేదే.

దారిలో కనపడ్డ బావురుపిల్లి అతని ఎర్రటి కళ్లూ, పీక్కుపోయిన పక్కలూ చూసి పలకరించింది.

"ఏం సన్యాసిరావ్, నువ్వు కోళ్లని పెంచుతున్నావా, అవి నిన్ను పెంచుకుంటున్నాయా?"

తీరిక లేదు, తరవాత మాట్లాడతానని సన్యాసిరావు సాగిపోయాడు. పోతూ పోతూ, ఇది రేపో మాపో తన గూటి మీద పడుతుందన్న భయం కూడా వెంటేసుకుపోయాడు. కోళ్లు దొంగిలించే ముఠాలో నిన్నటిదాకా తనూ ఉన్నవాడే గనక, ఆ ముఠాకి ఎన్ని దారులు తెలుసో అతనికి బాగా తెలుసు.

గుడ్లు చిట్లి పిల్లలొచ్చాయి. పసుపు రంగు పిల్లలు పోలమ్మ రెక్కల కిందనుంచి తలలు బయటపెట్టి చూశాయి. పోలమ్మ వాటిని ఒక్కొక్కటిగా ముక్కుతో లోపలికి సర్దుకుంది. ఆ సాయంత్రం పిల్లల్ని సర్ది రాయి వేసేసరికి సన్యాసిరావుకి బాగా ఆలస్యమైంది. దొరగారు ఈసారి తోక ఆడించి ఊరుకోలేదు. రేపు కూడా ఆలస్యమైతే దుప్పి కోసం కొండ దిగను, నీతోనే సరిపెట్టుకుంటానన్నారు.

తెల్లారి సన్యాసిరావు వచ్చి రాయి పక్కకి నెట్టి, ద్వారానికి అడ్డంగా కూర్చున్నాడు. చెదలకి వెళ్లలేదు. నీళ్లకి వెళ్లలేదు.

"ఇంక నావల్ల కాదు పోలమ్మా. ఉద్యోగమా కోళ్లా అంటే నాకు ఉద్యోగమే. అందర్నీ ఇప్పుడే తినేసి పడుకుంటాను."

పడుచు పెట్టలు మూలకి ఒదిగాయి. పోలమ్మ రెక్కల కింద పిల్లలు కదులుతున్నాయి, వాటి గుండెలు ఆమె పొట్టకి తగులుతున్నాయి. ఆమెకి భయం వేసింది. అంత భయం గంపలో ఉన్నప్పుడు కూడా వేయలేదు. గొంతు మాత్రం మారనివ్వలేదు.

"తిను బాబూ, నీ కోళ్లు నీ ఇష్టం. ఒక్కటి అడుగుతాను. చిరుతదొర దుప్పిని తనే వెతుక్కుంటాడా?"

"ఛ. నేను చూపిస్తాను."

"అందుకే ఆయన దొర. పని చేసేవాణ్ణి పెట్టుకున్నాడు. నువ్వేమో అక్కడా పనివాడివే, ఇక్కడా పనివాడివే. నౌకర్ని పెట్టుకోకుండా దొర అయినవాణ్ణి నేనెక్కడా చూడలేదు."

ఈ ముక్క సన్యాసిరావుకి ఆకలి కంటే లోతుగా దిగింది. ఇన్నాళ్లూ తనకి తీరిక ఎందుకు లేదో ఇప్పుడు అర్థమైంది. చెవులు నిక్కబొడుచుకుని, ఎవర్ని పెట్టుకోవచ్చని అడిగాడు. బావురుపిల్లిని పెడితే కంచే చేను మేసినట్టవుతుంది. ముంగిస అయితే కోడిపిల్లల్ని మిగల్చదు. తన బంధువుల్లో ఎవర్నైనా పెడితే వాళ్లు అచ్చం తనలాంటివాళ్లే, ఆ మాట పైకి అనలేదు. కోడిని చూసి నోరు కట్టుకునే జంతువు లోకంలో ఏదని పోలమ్మని అడిగాడు.

"ఇటుకబట్టీ దగ్గర కర్రోడు లేడూ," అంది పోలమ్మ. బట్టీ పని అయిపోయి కూలీలు వెళ్లిపోతూ వదిలేసిన నల్ల కుక్క అతను. వాళ్ల కోళ్లని కాసినవాడు, పోలమ్మ పొదిగిన పెరళ్లలో అదీ ఒకటి. రోజూ మధ్యాహ్నం అతని మొరుగు జీడితోట దాకా వినపడేది.

సన్యాసిరావు తోక కాళ్ల మధ్యకి పోయింది. కుక్క అంటే అతనికి పుట్టుకతో వచ్చిన భయం. పోలమ్మ ఆ తోక వంక చూడనట్టే చూసి, భయం ఎదురుపడ్డవాడికి గానీ తిండి పెట్టేవాడికి కాదు బాబూ అంది. కూడు పెట్టినవాడి మాట కుక్కకి వేదం అంది. అంతగా వద్దనుకుంటే సరే, చెదలకి వెళ్లిరా అని కూడా అంది.

సన్యాసిరావు ఇటుకబట్టీకి వెళ్లాడు. పడుచు పెట్టలు పెట్టిన రెండు గుడ్లు నోట్లో జాగ్రత్తగా పట్టుకెళ్లి, దూరంగా నేల మీద పెట్టి, ఇంకా దూరంగా నిలబడి సంగతి చెప్పాడు. కర్రోడు తిండి తిని చాలా రోజులైంది. గుడ్లు రెండూ పెంకుతో సహా తిని, మూతి తుడుచుకుని, తల వంచాడు.

"పనేటో చెప్పండి బాబుగారూ," అన్నాడు.

బాబుగారూ అని సన్యాసిరావుని అంతవరకూ ఎవరూ పిలవలేదు. ఛాతీ ఒకటికి రెండింతలైంది. దొరగారు తనకి హుకుం ఇచ్చే తీరు గుర్తు తెచ్చుకుని, అచ్చం అలాగే తల పైకెత్తి చెప్పాడు. తెల్లారి తలుపు తీయాలి, పొద్దుగూకాక వేయాలి. రోజుకి రెండు గుడ్లు జీతం. బావురుపిల్లిని రానివ్వకూడదు, ముంగిసని రానివ్వకూడదు.

"అన్నిటికంటే ముఖ్యం, నక్కని గూటి ఛాయలకి రానివ్వకు. మా వాళ్లంతా ఒకటే పోలిక. నా రంగే, నా తోకే, నా గొంతే. వచ్చి, నేనే సన్యాసిరావుని అంటారు. ఇది నా ఇల్లంటారు, నా కోళ్లంటారు. నమ్మావంటే నీ ఉద్యోగం ఊడినట్టే."

"నక్క ఎవరైనా సరేనా బాబూ?"

"ఎవరైనా సరే."

"తెలిసిన ముఖమైనా?"

"ఒకసారి చెప్తే నీకు అర్థం కాదా? నాకు తీరిక లేదు."

కర్రోడు మళ్లీ తల వంచాడు. బట్టీలో ఉండగా తెలిసిన ముఖమే కదా అని ఒకణ్ణి లోపలికి వదిలేసి, పుంజు పోయి, తను తన్నులు తిన్నాడట. అప్పట్నుంచీ ముఖం చూడడం మానేశానని, చెప్పిన మాటే చూస్తానని అన్నాడు. ఇలాంటి నౌకరు దొరకడం తన అదృష్టమనుకున్నాడు సన్యాసిరావు.

ఆ సాయంత్రం అతను పొద్దుండగానే కొండెక్కాడు. దొరగారు కళ్లు తెరిచేసరికి ఒళ్లు నాక్కుని, మెరుస్తూ ఎదురుగా ఉన్నాడు. దొరగారు సంతోషించి, ఆ రాత్రి బొమికతో పాటు కాస్త కండ కూడా వదిలారు. దారి పొడుగునా సన్యాసిరావు కూనిరాగం తీస్తూ వచ్చాడు. ఉద్యోగమూ నిలబడింది, కోళ్లూ నిలబడ్డాయి, పనీ తప్పింది. ఇక దొరలు చేసే పని ఒకటే మిగిలింది. ఆ పడుచు పెట్టల్లో బాగా బలిసినదాన్ని ఎంచుకుని, నీడలో కూర్చుని తీరిగ్గా తినడం.

తెల్లారింది. గూటి తలుపు తీసి ఉంది. పిల్లలు తల్లి వెనకాల మట్టి గీరుతున్నాయి. సన్యాసిరావు జీడిచెట్ల మధ్యనుంచి పెరట్లోకి ఒక కాలు పెట్టాడు.

"ఆగు," అన్నాడు కర్రోడు.

"నేనేరా, సన్యాసిరావుని."

"వస్తే అలగే అంటారని చెప్పారు."

"ఇది నా ఇల్లురా."

"అదీ చెప్పారు."

"ఒరేయ్, నిన్ను పెట్టుకున్నది నేను. ముఖం చూడు, తోక చూడు, గొంతు విను."

"రంగు, తోక, గొంతు. మూడూ చెప్పారు బాబూ. తప్పు లేకుండా చెప్పారు," అన్నాడు కర్రోడు. అని పళ్లు బయటపెట్టాడు.

కుక్కకి వాసన తెలీదా, నిన్నటి నక్కే ఇవాళ్టి నక్క అని గుర్తుపట్టలేదా అని మీరు అడగొచ్చు. ఎందుకు పట్టలేదు, పట్టాడు. కానీ నక్కని తరమడానికి నక్క చేతే హుకుం పుచ్చుకున్న కుక్క ఎక్కడైనా ఉంటాడా? ఆ భాగ్యాన్ని వాసన కోసం వదులుకునేంత తెలివితక్కువవాడు కాదు కర్రోడు.

సన్యాసిరావు కాలు వెనక్కి తీసుకుని, పోలమ్మని కేకేశాడు. నువ్వైనా చెప్పవే, నేను ఎవర్నో చెప్పవే అని బతిమాలాడు. పోలమ్మ పిల్లల్ని కుక్క కాళ్ల చాటుకి తోలి, నెమ్మదిగా ముందుకొచ్చింది. మెడ పక్కకు వాల్చి ఒక కంటితో చూసింది. మెడ ఇటు వాల్చి రెండో కంటితోనూ చూసింది.

"ఎవరో తెలీదు నాయనా," అంది కర్రోడితో. "మా బాబుగారు పెద్ద ఉద్యోగస్తుడు. పొద్దున్నే ఇలగ పెరట్లో నిలబడి కోళ్లతో కబుర్లాడే తీరిక ఆయనకెక్కడిది?"

కర్రోడు లంఘించాడు. సన్యాసిరావు జీడితోట దాటి, వాగు దాటి, ఎర్రమెట్ట సగం దాకా ఎక్కాడు గానీ వెనక్కి తిరిగి చూసే తీరిక అతనికి చిక్కలేదు.

తన గడప తొక్కే తీరిక లేనివాడి ఇంటికి కాపలావాడే యజమాని.